అంటువ్యాధుల క్లినికల్ ట్రయల్స్‌లో కనిపించే లక్షణం జబ్బు వల్ల వచ్చిందా, మందు వల్ల వచ్చిందా: తేల్చడం ఎలా?

ప్రశ్న: ఫార్మకాలజీ పీజీ విద్యార్థిని

నమస్కారం. క్షయ చికిత్సపై జరుగుతున్న ఒక క్లినికల్ ట్రయల్‌లో ప్రతికూల ఘటనలను నమోదు చేసే పనిలో ఇటీవల చేరాను. ట్రయల్ డబుల్ బ్లైండ్ పద్ధతిలో సాగుతోంది కాబట్టి, మామూలు క్షయ మందులకు తోడుగా ఎవరికి కొత్త మందు అందుతోందో, ఎవరికి ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) అందుతోందో మా బృందంలో ఎవరికీ తెలియదు.

నా సందేహం ఎలాంటి కేసుల గురించో చెప్పడానికి, మనిషిని గుర్తించే వీలున్న వివరాలు తీసేసి, ఒక ఉదాహరణ ఇస్తాను. చికిత్స మొదలైన నాలుగో వారంలో ఒకరికి జ్వరం, వాంతులు వచ్చాయి, పరీక్షలో ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) సాధారణ గరిష్ఠ పరిమితికి నాలుగు రెట్లు ఉంది. మందులన్నీ ఆపారు, కొద్ది రోజుల్లో ఏఎల్‌టీ దిగివచ్చింది. ఘటనకు మందు కారణమా అన్నది కొన్ని ప్రశ్నలకు మార్కులు వేసి అంచనా కట్టే నరాంజో స్కేలు ప్రకారం నేను లెక్కిస్తే 4 వచ్చింది, అంటే మందుతో సంబంధం "ఉండవచ్చు" అనే వర్గం. వైద్యులు కూడా ఫారంలో అదే రాశారు. అయితే ఈ ఒక్క కేసే కాదు, మా దగ్గరికి వచ్చే ఫారాల్లో చాలా భాగం ఆ గడిలోనే చేరుతున్నాయి. జ్వరం వస్తే అది క్షయ జ్వరమూ కావచ్చు, మందు జ్వరమూ కావచ్చు, మధ్యలో తగులుకున్న మరో ఇన్ఫెక్షనూ కావచ్చు. అన్నింటికీ "ఉండవచ్చు" అని రాసేటప్పుడు ఈ అంచనా వల్ల ప్రయోజనం ఏమిటి? అంటువ్యాధులపై పనిచేసేవారు ఈ చిక్కును ఎలా విడదీస్తారు?

సమాధానం 1: అంటువ్యాధుల విభాగంలో వైద్యుడు

ముందు మీ 4 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. క్షయ మందులతో కాలేయం దెబ్బతింటుందని ఇంతకుముందే రుజువై ఉంది కాబట్టి 1, మందు మొదలుపెట్టిన తర్వాతే ఘటన జరిగింది కాబట్టి 2, ఆపాక తగ్గింది కాబట్టి 1, ల్యాబ్ పరీక్షతో నిర్ధారణ అయింది కాబట్టి 1, వెరసి 5. ఆపైన "ఇతర కారణాలు ఉండే అవకాశం ఉందా?" అన్న ప్రశ్నకు మీరు "ఉంది" అని రాసి ఉంటారు, దానికి ఒక మార్కు తగ్గి 4 అయింది. అదే ప్రశ్నకు ఇతర కారణాలను పరీక్షించి, లేవని తేల్చుకుని "లేదు" అని రాయగలిగి ఉంటే రెండు మార్కులు కలిసి 7 అయ్యేది, వర్గం "చాలావరకు సంబంధం ఉంది" అని మారేది. ఈ స్కేలులో 9, ఆ పైన వస్తే నిర్ధారితం, 5 నుంచి 8 వరకు చాలావరకు, 1 నుంచి 4 వరకు ఉండవచ్చు, 0 గానీ అంతకు తక్కువ గానీ అయితే సందేహాస్పదం. మీ ఫారాలన్నీ ఒకే గడిలో పడుతున్నాయంటే, మందుల స్వభావం కంటే ఎక్కువగా, ఘటన జరిగిన రోజున ఇతర కారణాల కోసం ఎవరూ వెతకలేదన్న సంగతినే అది చెబుతోందని నా అనుమానం.

కొత్త మందు విషయంలో స్కేలు ఇంకా కఠినంగా ఉంటుంది. గతంలో రుజువైన నివేదికలు ఉండవు కాబట్టి మొదటి ప్రశ్నకు మార్కు రాదు. మళ్లీ మందు ఇచ్చి చూడటం చాలా సందర్భాల్లో కుదరదు కాబట్టి అక్కడ కూడా సున్నాయే. ఇతర కారణాల ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

కాలేయం విషయంలో ఆ వెతుకులాట ఇలా సాగాలి. హెపటైటిస్ ఏ, బి, సి, ఇ పరీక్షలు చేయించాలి. వీటిలో ఇ తరచుగా మరుపున పడుతుంది. మందు వల్ల కాలేయ గాయమా అని మార్కులతో తేల్చే రూకామ్ పద్ధతిని 2016లో సవరించినప్పుడు అందులో దాన్ని కూడా చేర్చారు. కాలేయానికి నరాంజో కంటే రూకామ్ చాలా మేలైనది, ఎందుకంటే అది మందు మొదలైన రోజు, ఆపిన రోజు, ఎంజైములు ఎంత వేగంగా సగానికి తగ్గాయన్నది, మద్యం అలవాటు, తోడుగా వాడిన మందులు అన్నిటినీ విడివిడిగా అడుగుతుంది. ఏఎల్‌టీ ఒక్కటే పెరిగిందా, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పిత్తనాళాల్లో అడ్డంకి ఉంటే పెరిగే ఎంజైము) కూడా పెరిగిందా అన్నది నమోదు చేయాలి. బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) చూడకుండా ఏఎల్‌టీ గురించి ఏమీ రాయకూడదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెద్దగా పెరగకుండా, మరో కారణం కనబడకుండా, ఏఎల్‌టీ మూడు రెట్లు దాటి, బిలిరుబిన్ రెండు రెట్లు దాటితే, అలాంటివారిలో దాదాపు పది శాతం మందికి ప్రాణాపాయం దాకా వెళ్లవచ్చని కాలేయ నిపుణుడు హైమన్ జిమర్‌మన్ పరిశీలనల నుంచి వచ్చిన సూత్రం చెబుతుంది. ట్రయల్ భద్రతను సమీక్షించేవారు మొట్టమొదట వెతికేది ఈ జంటనే.

అదే సమయంలో, క్షయ మందు ఐసోనియజిడ్ వాడేవారిలో 10 నుంచి 20 శాతం మందికి ఏఎల్‌టీ కొద్దిగా పెరిగి, మందు కొనసాగుతుండగానే తనంతట తాను తగ్గిపోతుంది. పెరిగిన ప్రతి అంకెనూ కాలేయ గాయంగా లెక్కిస్తే లెక్క చెడుతుంది. అందుకే లక్షణాలు ఉంటే మూడు రెట్లు, లేకపోతే ఐదు రెట్లు దాటినప్పుడు మందులు ఆపాలన్న నియమం ఉంది. మీ కేసులో లక్షణాలతో పాటు నాలుగు రెట్లు ఉంది కాబట్టి ఆపడం సరైన నిర్ణయమే.

ఇక అంటువ్యాధులకు మాత్రమే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది: మందు సరిగ్గా పనిచేయడమే ప్రతికూల ఘటనగా కనిపించడం. సిఫిలిస్‌కు పెన్సిలిన్ ఇచ్చిన మొదటి 24 గంటల్లో వచ్చే జ్వరం, వణుకు పెన్సిలిన్ ఎలర్జీ కావు. చనిపోతున్న బాక్టీరియా వల్ల వచ్చే యారిష్-హెర్క్స్‌హైమర్ ప్రతిచర్య అది. హెచ్‌ఐవీ ఉన్నవారికి యాంటీరెట్రోవైరల్ చికిత్స మొదలుపెట్టాక రోగనిరోధక శక్తి తేరుకుని, లోపల దాగి ఉన్న క్షయ మీద విరుచుకుపడితే, గ్రంథులు వాచి, జ్వరం పెరిగి, రోగి ముందుకంటే జబ్బుపడినట్టు కనిపిస్తాడు. లోవా లోవా పురుగు రక్తంలో అధికంగా ఉన్నవారికి ఐవర్‌మెక్టిన్ ఇస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉండటానికి కారణం కూడా పెద్ద సంఖ్యలో ఒక్కసారిగా చచ్చే సూక్ష్మఫైలేరియాలే. ఇవన్నీ మందు ఇవ్వడం వల్ల జరిగినవే, కానీ మందు విషగుణం వల్ల జరిగినవి కావు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ జ్వరంలో ఎమాక్సిసిలిన్ ఇస్తే వచ్చే దద్దురు మరో రకం: వైరస్ లేనప్పుడు అదే మనిషికి అదే మందు ఇస్తే చాలాసార్లు ఏమీ కాదు. అక్కడ "జబ్బుదా, మందుదా" అన్న ప్రశ్నకే అర్థం లేదు, రెండూ కలిస్తేనే అది వస్తుంది.

సమాధానం 2: బయోస్టాటిస్టిక్స్ రంగంలో ఉన్నవారు

పై సమాధానంతో విభేదం లేదు, కానీ ఒక్కో రోగిని పట్టుకుని ఎంత తవ్వినా తేలని సందర్భాలు ఉంటాయని, అలాంటి చోట రోగిపక్కన నిలబడి చేసే తీర్పు మనల్ని దారి తప్పించగలదని చెప్పడం నా ఉద్దేశం. దీనికి ఫియాల్‌యూరిడిన్ కంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

ఫియాల్‌యూరిడిన్ హెపటైటిస్ బి కోసం తయారైన మందు. 1993లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో 15 మందితో ఆరు నెలల చికిత్సగా ట్రయల్ మొదలైంది. పదమూడో వారంలో ఒకరికి ఉన్నట్టుండి కాలేయం విఫలమై, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగింది. వెంటనే అందరికీ మందు ఆపేశారు. అయినా ఆపిన తర్వాత కూడా గాయం ముదిరింది. మొత్తం ఏడుగురికి కాలేయం తీవ్రంగా దెబ్బతిని, వారిలో ఐదుగురు చనిపోయారు, ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు.

మీ ప్రశ్నకు దీనితో ఉన్న సంబంధం చూడండి. హెపటైటిస్ బి ఉన్నవారికి కాలేయ ఎంజైములు వాటంతట అవే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. పైగా యాంటీవైరల్ చికిత్స మధ్యలో ఎంజైములు పెరిగితే, వైరస్ ఉన్న కణాలను శరీరం తొలగిస్తోందని, అది మంచి సూచనే కావచ్చని అనుకోవడానికి అప్పట్లో తగిన కారణం ఉంది. ఇంటర్‌ఫెరాన్ చికిత్సలో అలాగే జరుగుతుంది. అలసట, వికారం ఆ జబ్బులో మామూలే. ఒక్కొక్కరిని విడిగా చూసే వైద్యుడికి ప్రతి లక్షణానికీ జబ్బులోనే వివరణ దొరుకుతుంది. జంతువులపై ముందుగా చేసిన పరీక్షలు కూడా హెచ్చరించలేదు. ఈ మందు మైటోకాండ్రియా డీఎన్‌ఏను దెబ్బతీస్తుందని, దాన్ని మైటోకాండ్రియా లోపలికి చేర్చే వాహక ప్రోటీన్ మనుషుల్లో ఉన్నట్టుగా ఎలుకల మైటోకాండ్రియాలో లేదని తర్వాత తెలిసింది. గాయం నెమ్మదిగా పోగుపడి, నెలల తర్వాత బయటపడేది. మందు ఆపితే తగ్గిందా అన్న ప్రశ్నకు ఇక్కడ వచ్చే జవాబు "తగ్గలేదు". నరాంజో స్కేలులో దానికి మార్కు రాదు, అంటే అసలైన విషం తక్కువ మార్కులతో బయటపడుతుంది.

ఆ ట్రయల్‌లో పోల్చి చూడటానికి ప్లాసిబో వర్గం లేదు. ఉన్నంత మాత్రాన ఆ ఐదుగురు బతికేవారని నేను అనను, 15 మందిని రెండుగా విడగొడితే తేడా ఎప్పటికి కనబడేదో చెప్పలేం. కానీ జబ్బే లక్షణాలను పుట్టించే చోట, మందు లేనివారిలో అవే లక్షణాలు ఎంత తరచుగా వస్తాయో తెలియకపోతే, ఒక్క కేసుపై ఎవరి తీర్పుకైనా పునాది ఉండదు. జబ్బు లేనివారిలో కూడా ఇది నిజమే. కోవిడ్ టీకాల ట్రయల్స్ పన్నెండింటిని కలిపి 2022లో చేసిన విశ్లేషణలో, ప్లాసిబో మొదటి డోసు తీసుకున్నవారిలోనే దాదాపు 35 శాతం మంది తలనొప్పి, అలసట వంటి ఒంటి బాధలు చెప్పారు.

అంకెల్లో మరో ఉచ్చు ఉంది. 300 మందిలో ఒక దుష్ప్రభావం ఒక్కసారి కూడా కనబడకపోతే అది లేదని కాదు. మూడును ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చే ఒక శాతం వరకు అది ఉండే అవకాశం ఉందని 95 శాతం నమ్మకంతో చెప్పే ముతక సూత్రం ఒకటి ఉంది. క్లోరాంఫెనికాల్ వల్ల ఎముక మజ్జ ఎండిపోయే ప్రమాదం 25,000 నుంచి 40,000 మందిలో ఒకరికి అని సాధారణంగా చెబుతారు. దాన్ని ఒక్కసారైనా చూస్తామని భరోసా కావాలంటే కనీసం 75,000 మంది కావాలి. ఏ ట్రయల్ చేర్చుకుంటుంది అంతమందిని? కాబట్టి మీ ట్రయల్‌లో ఫలానా ప్రతిచర్య లేదని రాసేటప్పుడు ఎంతమందిలో లేదో కూడా పక్కనే రాయండి.

చిన్న సంఖ్య రెండో వైపు కూడా మోసం చేస్తుంది. బోట్స్వానాలో జరిగిన ట్సెపామో అధ్యయనంలో, హెచ్‌ఐవీ మందు డోల్యూటెగ్రావిర్ వాడుతూ గర్భం దాల్చినవారికి పుట్టిన శిశువుల్లో వెన్నుపాము, మెదడు సరిగా రూపుదిద్దుకోని లోపం 2018లో 426 కాన్పుల్లో 4 కనబడింది, అంటే 0.94 శాతం. ప్రపంచమంతా ఉలిక్కిపడింది, గర్భం దాల్చే వయసు స్త్రీలకు ఆ మందు ఇవ్వవద్దన్న హెచ్చరికలు వెలువడ్డాయి. మరుసటి ఏడాదికి ఆ సంఖ్య 1,683లో 5, అంటే 0.30 శాతానికి దిగింది. ఇంకా కాన్పులు చేరేకొద్దీ మిగతా మందులతో తేడా కరిగిపోయింది. 2018లో హెచ్చరించడం తొందరపాటు కాదు, ఆ అంకె ఎదుట ఉంటే ఎవరైనా హెచ్చరించవలసిందే. కానీ పరిశీలన ఆపకుండా కొనసాగించారు కాబట్టే ఒక మంచి మందు స్త్రీలకు దూరం కాకుండా మిగిలింది.

సమాధానం 3: ఔషధ భద్రత విభాగంలో ఫార్మసిస్టు

రెండో సమాధానం చదివితే ఒక్కో కేసును శ్రద్ధగా చూడటం వృథా అనే అభిప్రాయం కొత్తవారికి కలగవచ్చు, అందుకని ఈ అభ్యంతరం. వర్గాలను పోల్చడం గొప్ప పనిముట్టే, కానీ పోల్చే వస్తువు నికరంగా ఉన్నప్పుడే. తప్పుగా గుర్తించిన కేసులను ఎన్ని వేలు పోగేసినా, అసలు ప్రతిచర్య వాటి మధ్య మునిగిపోతుంది.

హెచ్‌ఐవీ మందు అబాకావిర్ ఎలర్జీ కథ ఇదే. జ్వరం, దద్దురు, వాంతులు, దగ్గు, ఒళ్లు నొప్పులు దాని లక్షణాలు. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఏ మామూలు వైరల్ జ్వరంలోనైనా ఇవే వస్తాయి. హెచ్‌ఎల్‌ఏ-బి 57:01 అనే జన్యురూపం ఉన్నవారికే ఇది వస్తుందని అనుమానం బలపడ్డాక, 2008లో వెలువడిన ప్రెడిక్ట్-1 ట్రయల్‌లో 19 దేశాల నుంచి 1,956 మందిని చేర్చుకుని, ఒక వర్గానికి ముందే జన్యు పరీక్ష చేసి ఆ రూపం ఉన్నవారికి అబాకావిర్ ఇవ్వలేదు. రెండో వర్గానికి ఆ వడపోత లేకుండానే ఇచ్చారు. వైద్యులు లక్షణాలను చూసి ఎలర్జీ అన్న కేసులు వడపోత లేని వర్గంలో 7.8 శాతం, వడపోసిన వర్గంలో 3.4 శాతం. తేడా ఉంది, కానీ జన్యువే కారణమైతే వడపోశాక 3.4 ఎందుకు మిగలాలి? అనుమానించిన ప్రతి ఒక్కరికీ చర్మంపై ప్యాచ్ పరీక్ష (మందును చర్మానికి అంటించి ప్రతిచర్య వస్తుందా అని చూడటం) చేసి చూస్తే, నిర్ధారణ అయినవి వడపోత లేని వర్గంలో 2.7 శాతం, వడపోసిన వర్గంలో సున్నా. అంటే వైద్యులు అబాకావిర్ ఎలర్జీ అని రాసినవాటిలో పెద్ద భాగం అసలు ఆ ఎలర్జీయే కాదు. ప్యాచ్ పరీక్ష లేకపోతే ఈ ట్రయల్ "కొంత ఉపయోగం ఉంది" అన్న చప్పటి ఫలితంతో ముగిసేది. ఒక్కో కేసును గట్టిగా నిర్ధారించే సాధనం దొరకడం వల్లనే వర్గాల మధ్య పోలిక అంత స్పష్టంగా మాట్లాడింది.

వర్గాల పోలికకు మరో హద్దు కూడా ఉంది: అది ట్రయల్‌లో చేరినవారి గురించే చెబుతుంది. దాగి ఉన్న క్షయకు రిఫాంపిసిన్, పైరజినమైడ్ కలిపి రెండు నెలలు ఇచ్చే పద్ధతి, హెచ్‌ఐవీ ఉన్నవారిలో జరిగిన ట్రయల్స్‌లో బాగానే నిలబడింది. 2000లో అమెరికా మార్గదర్శకాలు దాన్ని హెచ్‌ఐవీ లేనివారికి కూడా సిఫారసు చేశాయి. ఏడాది తిరగకుండానే కాలేయ వైఫల్యాలు, మరణాల నివేదికలు రాసాగాయి, 2003లో సాధారణంగా ఆ పద్ధతి వాడవద్దని ప్రకటించారు. హెచ్చరిక తెచ్చింది ట్రయల్ పట్టికలు కావు, వైద్యులు ఒక్కొక్కటిగా రాసి పంపిన కేసులు.

ప్రశ్న అడిగినవారికి ఆచరణలో నా సలహా ఒకటే. ఫారంలో "ఉండవచ్చు" అన్న మాట కంటే, దాని పక్కన వదిలేసే ఖాళీ గడుల గురించి ఎక్కువ ఆందోళన చెందండి. ఏ రోజు ఏ డోసు ఇచ్చారు, లక్షణం ఏ రోజు మొదలైంది, ఏ రోజు ఆపారు, ఎంజైము అంకెలు ఏయే తేదీలవి, తోడుగా ఇంకేం వాడారు అన్నవి ఉంటే, తీర్పును తర్వాత ఎవరైనా మళ్లీ ఇవ్వవచ్చు. అవి లేకుండా తీర్పు మాత్రమే ఉంటే దాన్ని ఎవరూ సరిచూడలేరు. ఊహించని, తీవ్ర పరిణామం గల ప్రతిచర్య అని అనుమానం ఉంటే, అంతర్జాతీయ నియమాల ప్రకారం మరణానికి దారితీసినవాటిని, ప్రాణాపాయం ఉన్నవాటిని 7 రోజుల్లో, మిగతావాటిని 15 రోజుల్లో నియంత్రణ సంస్థకు చేర్చవలసి ఉంటుంది. ఆ గడువు లోపల ఆలోచించుకునే తీరిక ఉండదు, చేతిలో ఉన్న వివరాలతోనే నడవాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇతర కారణాల ప్రశ్న ఒక్కటే మూడు మార్కుల తేడా తెస్తోందని నాకు ఇంతవరకు తట్టలేదు. అన్ని ఫారాల్లో ఆ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబులను విడిగా తీసి చూస్తాను. ఇంకొక్క సందేహం. మా రోగికి ఇప్పుడు క్షయ చికిత్స మళ్లీ మొదలుపెట్టక తప్పదు. మందును తిరిగి ఇచ్చి చూడటమే అత్యంత బలమైన సాక్ష్యమని పుస్తకాలు చెబుతాయి, మరి ట్రయల్ మందు విషయంలో కూడా అలా చేయవచ్చా? దానికోసం బ్లైండ్ విప్పాలా, అంటే ఆ రోగికి అందింది కొత్త మందో ప్లాసిబోనో బయటపెట్టాలా?

సమాధానం 1 ఇచ్చినవారి నుంచి

సాక్ష్యం కోసం మందును తిరిగి ఇవ్వరు. రోగికి అది తప్పనిసరి అయినప్పుడే ఇస్తారు, సాక్ష్యం దానితోపాటు వస్తుంది. క్షయలో ఈ అవసరం నిజంగానే ఉంది, ఎందుకంటే రిఫాంపిసిన్, ఐసోనియజిడ్ లేకుండా చికిత్స బలహీనపడి, చాలా పొడవవుతుంది. ఏఎల్‌టీ సాధారణ గరిష్ఠ పరిమితికి రెండు రెట్లలోపు దిగాక, కాలేయానికి హాని చేయని ఇథాంబ్యుటాల్‌తో పాటు రిఫాంపిసిన్ ముందు మొదలుపెట్టి, మూడు నుంచి ఏడు రోజుల తర్వాత పరీక్షించి, ఆపైన ఐసోనియజిడ్ చేర్చడం వాడుకలో ఉన్న క్రమం. ఆ రెండూ నిలబడితే, మొదట వచ్చిన గాయం తీవ్రమైనదైనప్పుడు పైరజినమైడ్‌ను పూర్తిగా వదిలేయడమే మేలు. ఒక్కొక్కటిగా చేర్చడం వల్ల ఎంజైములు మళ్లీ పెరిగితే దోషి ఎవరో కూడా తెలుస్తుంది. అబాకావిర్ విషయంలో మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం: అనుమానం ఉన్నా చాలు, మళ్లీ ఇవ్వకూడదు, రెండోసారి ప్రాణం పోవచ్చు.

ట్రయల్ మందును తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది మీ ప్రోటోకాల్‌లో రాసి ఉంటుంది. రాసి లేకపోతే ఇవ్వకండి, భద్రతా కమిటీని అడగండి. బ్లైండ్ విప్పడం, ఆ సమాచారంతో రోగి చికిత్స మారుతుందనుకున్నప్పుడే. మీ కేసులో అన్నీ ఆపేశారు, కాబట్టి తెలుసుకున్నా చేయగలిగింది వేరే ఏమీ లేదు. నియంత్రణ సంస్థకు నివేదిక పంపవలసి వస్తే స్పాన్సర్ (ట్రయల్ బాధ్యత వహించే సంస్థ) విభాగంలో విడిగా ఉన్నవారు ఆ ఒక్క రోగి కోడ్ విప్పుతారు, మీ బృందానికి అది తెలియనవసరం లేదు. ఈలోగా, ఘటన జరిగిన రోజున తీసిన సీరం ల్యాబ్‌లో మిగిలి ఉందేమో అడిగి చూడండి. ఉంటే హెపటైటిస్ ఇ పరీక్ష ఇప్పుడైనా చేయించవచ్చు.